ఎముకల స్కాన్ ఫారంలో ఊరి పేరుకు ఒక గడి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



మాది కొండాపూర్. బొటానికల్ గార్డెన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్. ఉదయం తొమ్మిదింటికి మా లిఫ్టు నిండా మెడలో ట్యాగులు వేసుకున్న పిల్లలే. నేను ఉద్యోగానికి వెళ్ళే రోజుల్లో నాకూ ఒక ట్యాగు ఉండేది. దాన్ని టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. ఛాతీకి తగిలించుకుని తిరిగేవాళ్ళం. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే, మా ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కగట్టి చెప్పేవాళ్ళు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుగా ఇరవై తొమ్మిదేళ్ళు చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. కానీ అపార్ట్‌మెంట్లో ఆ తేడా ఎవరికీ పట్టదు. "అంకుల్ స్కానింగులో చేశారట" అని ఒకరికొకరు చెప్పుకుంటే చాలు, రిపోర్టులన్నీ నా వాట్సాప్‌కే వస్తాయి.

పోయినేడు దసరాకి ముందు ఒక రాత్రి, పదకొండు దాటాక, నాలుగో అంతస్తు అబ్బాయి తలుపు తట్టాడు. వాళ్ళ నాన్నకి ప్రొస్టేట్ క్యాన్సర్ అని అంతకు నెల ముందే తేలింది. ఆ రోజు బోన్ స్కాన్ అయింది. ఫోన్లో రిపోర్టు తెరిచి, "సూపర్‌స్కాన్ అని రాశారంకుల్. సూపర్ అంటే మంచిదే కదా?" అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. మా భాషలో ఆ మాటకు అర్థం పూర్తిగా వేరు. వేసిన మందంతా అస్థిపంజరమే పీల్చేసుకుని, మూత్రపిండాలకి కూడా మిగల్చకుండా ఒళ్ళంతా ఎముకలే నల్లగా కనిపిస్తే దాన్ని సూపర్‌స్కాన్ అంటారు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ మాట రాశారంటే, జబ్బు ప్రతి ఎముకకూ పాకిందని చదివేవాళ్ళు అనుకుంటారు. దాని కింద ఇంకో వాక్యం ఉంది: రెండు ముంజేతుల్లోనూ ఎముకల మధ్య మెత్తటి భాగంలో మసకగా మందు పట్టింది, ప్రాముఖ్యత తెలియదు, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్ (అంటే పేషెంటు లక్షణాలతో పోల్చి చూసుకోమని).

మంత్రి గారూ, ఈ ఉత్తరం ఆ రెండో వాక్యం గురించే.

ముందుగా ఈ స్కాన్ ఏం చేస్తుందో చెప్పాలి. ఎక్స్‌రే, సీటీ ఎముక ఆకారాన్ని చూపిస్తాయి. బోన్ స్కాన్ ఎముకలో జరుగుతున్న పనిని చూపిస్తుంది. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఎండీపీ అనే ఫాస్ఫేటు మందుకు తగిలించి నరంలోకి ఇస్తాం. మూడు గంటలు కూర్చోబెట్టి, నీళ్ళు బాగా తాగించి, మూత్రానికి పంపించి, తర్వాత గామా కెమెరా కింద పడుకోబెడతాం. కొత్త ఎముక కట్టుకుంటున్న చోట, అంటే కాల్షియం పేరుకుంటున్న చోట మందు ఎక్కువ పడుతుంది. మిగిలింది మూత్రంలో పోతుంది. ఈ మందుకు ఎముక అని, కండ అని తేడా తెలియదు. కాల్షియం పేరుకున్న చోటల్లా అంటుకుంటుంది, అది గుండె గోడైనా, గర్భసంచిలో గడ్డైనా, ఎప్పుడో దెబ్బతిన్న తొడ కండైనా సరే. ఎముకల కోసం తీసిన బొమ్మలో ఎముక బయట మచ్చలు కనిపించేది అందుకే.

టెక్నీషియం ప్రకృతిలో దాదాపు దొరకనిది. అమెరికాలోని బర్క్‌లీ సైక్లోట్రాన్‌లో వాడి పడేసిన మాలిబ్డినం రేకును తెప్పించుకుని, ఇటలీలోని పలెర్మోలో ఎమీలియో సెగ్రే, కార్లో పెరియర్ 1937లో దాన్ని కనుక్కున్నారు. మనిషి చేతిలో పుట్టిన మొదటి మూలకం అదే. చిత్రమేమిటంటే మన తెలుగు నేల మీద, అప్పటి నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి, నడుములు వంగిపోయిన రైతుల గురించి వైద్య పత్రికల్లో మొదటిసారి రాసింది కూడా 1937లోనే. అక్కడ దొరికిన మూలకమూ ఇక్కడ దొరికిన జబ్బూ ఇన్నేళ్ళ తర్వాత మా నాలుగో అంతస్తు పెద్దాయన ఒంట్లో కలుసుకున్నాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎముక బయట మచ్చ కనిపించగానే క్యాన్సర్ అని బెదరక్కర్లేదు. నేను చూసినవాటిలో సగం దాకా మా చేతుల్లో పుట్టినవే. మొదటి ముద్దాయి మూత్రం. చీరకో పైజామాకో ఒక్క చుక్క పడితే చాలు, తుంటి దగ్గర చక్కటి నల్లమచ్చ తేలుతుంది. ఒకసారి పెద్ద వయసు ఆవిడకి తొడ ఎముక పైభాగంలో అలాంటి మచ్చ కనిపించింది. డాక్టరు గారు కనుబొమ్మలు ముడిచారు. ఆవిడని పక్కకి తీసుకెళ్ళి, కాళ్ళు కడిగించి, ఆసుపత్రి గౌను కట్టించి మళ్ళీ పడుకోబెట్టాను. మచ్చ లేదు. విప్పేసిన లంగాని ఒక్కదాన్నే కెమెరా కింద పెడితే మచ్చ అందులో ఉంది! ఆవిడ ముసిముసిగా నవ్వి, "లంగాకి క్యాన్సరా నాయనా?" అన్నది.

రెండోది సూది. నరంలోకి పోవాల్సిన మందు కాస్త చర్మం కిందకి జారితే మోచేతి దగ్గర పెద్ద మచ్చ వస్తుంది, అదే వైపు చంకలో లింఫు గ్రంథి వెలుగుతుంది. రొమ్ము క్యాన్సర్ పేషెంటుకి చంకలో వెలుగు అంటే ఎంత గుండె దడో ఊహించండి. సూది ఏ చేతికి ఇచ్చామో, మందు జారిందో లేదో చీటీ మీద రాసి ఉంటే ఆ దడ అక్కడితో ఆగిపోతుంది. పిరుదు మీద కనిపించే మసక మచ్చలూ ఇలాంటివే. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారం పాటు నొప్పి ఇంజెక్షన్లు వేయించుకుని వచ్చినవాళ్ళని, కండకి ఐరన్ సూది వేయించుకున్న ఆడవాళ్ళని ఎంతమందిని చూశానో. అడిగితే చెబుతారు. అడగాలి.

మూడోది వంటింటి తప్పు. అంటే మా హాట్ ల్యాబ్‌లో జరిగేది. మాలిబ్డినం-99 ఉన్న జనరేటర్ నుంచి పొద్దున్నే సెలైన్‌తో టెక్నీషియాన్ని పిండుతాం. ఈ జనరేటర్ని ఇంగ్లీషులో సరదాగా ఆవు అంటారు. మాలిబ్డినం సగం కావడానికి 66 గంటలు, టెక్నీషియం సగం కావడానికి 6 గంటలు పడుతుంది, అందుకే వారం పాటు రోజూ పాలు వస్తాయి. ఎండీపీ సీసాలో తగరపు లవణం ఉంటుంది, టెక్నీషియం మందుకి అతుక్కోవడానికి కావాల్సింది అదే. సీసాలోకి గాలి పోయిందా, తగరం చెడిపోతుంది, టెక్నీషియం అతుక్కోకుండా విడిగా మిగిలిపోతుంది. అలా విడిగా మిగిలింది థైరాయిడ్‌కి, లాలాజల గ్రంథులకి, కడుపుకి పోతుంది. బొమ్మలో గొంతు, దవడలు, కడుపు మూడూ కలిసి వెలిగితే అనుమానించాల్సింది సీసాని. కాగితం ముక్క మీద ఒక బొట్టు పెట్టి, ఎసిటోన్‌లో నిలబెట్టి, విడి టెక్నీషియం ఎంత ఎగబాకిందో కొలిస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ రోజు ఆ సీసాతో చేసిన పేషెంట్లందరి బొమ్మల్లోనూ అవే మూడు చోట్లు వెలుగుతుంటాయి కూడా. కానీ రిపోర్టు రాసే డాక్టరు ఒక్కో పేషెంటుని విడివిడిగా చూస్తే ఆ సంగతి కంటికి ఆనదు.

ఇవన్నీ తీసేశాక మిగిలేవి నిజమైనవి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. గుండె సంగతే చూడండి. డెబ్భై దాటిన మగమనిషి, రెండు చేతులకీ మణికట్టు నరం నొక్కుకుపోయి ఎప్పుడో ఆపరేషన్ చేయించుకున్నాడు, గుండె గోడలు మందంగా ఉన్నాయని ఎకోలో రాశారు. ఎముకల కోసం తీసిన స్కాన్‌లో అతని గుండె వెలిగితే అది ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్ అనే, గుండె గోడల్లో ప్రోటీన్ పేరుకుపోయే జబ్బు కావచ్చు. ఇటలీలోని బొలోన్యా వైద్యులు 2005లో ఈ వెలుగుకు 0 నుంచి 3 దాకా మెట్లు పెట్టారు, ఇప్పటికీ పెరుజీని గ్రేడు అనే అంటారు. వాళ్ళు వాడింది మన ఎండీపీకి చుట్టమైన డీపీడీ. అమెరికాలో పైరోఫాస్ఫేటు వాడతారు. మన ఎండీపీ ఈ పనికి అంత నమ్మకమైనది కాదు. అందుకే ఎండీపీతో గుండె వెలగలేదని ఊరుకోకూడదు, వెలిగితే మాత్రం వదలకూడదు. అప్పుడు కూడా ముందు రక్తం, మూత్రం పరీక్షలతో ఇంకో రకం అమిలాయిడ్ లేదని తేల్చుకోవాలి, ఎందుకంటే దాని మందు వేరు, దాని తొందర వేరు. 2019 దాకా ఈ గుండె జబ్బుకి అనుమతి పొందిన మందే లేదు, ఇప్పుడు ఉంది. కాబట్టి ఈ వెలుగు గురించి రాయడం, రాయకపోవడం రెండూ ఒకటే అనుకునే కాలం పోయింది.

మూత్రపిండాల విషయం ఇంకా తేలిక, ఇంకా ఘోరం. అవి ఎటూ బొమ్మలో ఉంటాయి కాబట్టి చూపు వాటి మీదుగా జారిపోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చిన ఆవిడకి ఒక కిడ్నీ ఉబ్బి, మందు కిందకి దిగకుండా నిలిచిపోయి కనిపిస్తే, మూత్రనాళం మూసుకుపోయిందేమో అని ఆ సాయంత్రమే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. వారం రోజులు ఫైల్లో పడుకుంటే కిడ్నీ పోతుంది. ఒకవైపు ఛాతీ అంతా పొగ కమ్మినట్టు మందు పట్టిందంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని అర్థం, అది కణితి నీరేమో చూడాలి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, వాటి జోలికి పోను.

మళ్ళీ నాలుగో అంతస్తుకు వస్తాను. ఆ రాత్రి నేను ఆ అబ్బాయితో ఏమీ అనకుండా, వాళ్ళ నాన్న దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. పెద్దాయన మేలుకునే ఉన్నాడు. మంచం మీద కూర్చుని లుంగీ సర్దుకుంటున్నాడు. లేవబోయి వెంటనే లేవలేకపోయాడు. మెడ పక్కకి తిప్పాలంటే మనిషి మొత్తం తిరుగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు.

"ఏ ఊరు పెద్దాయనా మీది?"

"మాది మర్రిగూడ దిక్కు సారూ."

"నీళ్ళు?"

"చిన్నగున్నప్పుడు బాయి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు. గవే తాగినం. మా ఊళ్ళ అందరికి ఇట్లనే ఉంటయి సారూ పండ్లు."

మంత్రి గారూ, నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు అంటే మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళ గోస ఎన్ని ఎన్నికల్లో మాటైందో, ఎంతమంది ఢిల్లీ దాకా వెళ్ళి మొరపెట్టుకున్నారో మీకు తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని చెప్పే ఫ్లోరైడ్‌ని ఆ ఊళ్ళు తరాల తరబడి తాగాయి. ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాన్ని గట్టిగా, దట్టంగా చేస్తుంది. ఎముకలను కట్టి ఉంచే బంధనాలకూ, ముంజేతి రెండు ఎముకల మధ్య సాగే పొరకూ సున్నం పట్టిస్తుంది. అలాంటి ఒంటికి బోన్ స్కాన్ చేస్తే ప్రతి ఎముకా మందు పీల్చుకుంటుంది, మూత్రపిండాలు మసకబారతాయి, సూపర్‌స్కాన్ వస్తుంది. క్యాన్సర్ పాకిన సూపర్‌స్కాన్‌కీ దీనికీ తేడాలు లేకపోలేదు. క్యాన్సర్ వెన్నుపూస, కటి, పక్కటెముకల మీద ఎక్కువ పడి, ముద్దముద్దగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫ్లోరోసిస్ అనే ఈ ఫ్లోరైడ్ జబ్బులో మోకాళ్ళు, మోచేతులు, పుర్రె దాకా ఒకే తీరుగా పరుచుకుంటుంది. అయినా ఒక్క బొమ్మతో తేల్చేయడం కష్టం. తేల్చేసేది ముంజేతి ఎక్స్‌రే. అందులో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి, ముళ్ళలా అంచులు కనిపిస్తాయి. నల్లగొండలో పనిచేసిన ఏ ఎముకల డాక్టరుకైనా ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఎముక బయట, ముంజేతుల మధ్య కనిపించిన ఆ మసక గీతలోనే జవాబంతా ఉంది. రిపోర్టు రాసినవారు దాన్ని చూశారు కూడా. చూసి, ప్రాముఖ్యత తెలియదన్నారు. ఆయన తప్పని నేననను. ఆయన ముందు పేషెంటు లేడు, ఫారంలో వయసు, లింగం, "కా ప్రొస్టేట్" అన్న రెండు ముక్కలు తప్ప ఏమీ లేవు. ఊరు లేదు, పళ్ళు లేవు, మెడ తిరగకపోవడం లేదు. చిరునామా దగ్గర మా కొండాపూర్ అపార్ట్‌మెంటు పేరు ఉంది, కొడుకు ఇంట్లో ఉంటున్నాడు మరి. ఈ ఐటీ కారిడార్‌లో ఉన్న ముసలి తల్లిదండ్రుల్లో కొండాపూర్‌లో పుట్టినవాళ్ళు ఎందరండీ? శ్రీకాకుళం ఉద్దానం నుంచి, ప్రకాశం పొదిలి నుంచి, ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి, నల్లగొండ నుంచి పిల్లల కోసం వచ్చి ఫ్లాట్లలో ఉంటున్నవాళ్ళే ఎక్కువ. ఒంట్లో పాత ఊరి నీళ్ళుంటే ఆధార్‌లో కొత్త చిరునామా ఉంటుంది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక ఆ ఊళ్ళకి నది నీళ్ళు వచ్చాయి, సంతోషం. కానీ ఎముకలో చేరిన ఫ్లోరైడ్ కుళాయి మారగానే దిగిపోదు, ఏళ్ళు పడుతుంది. ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళ దాకా ఆ ఎముకలు స్కానుల కింద పడుకుంటూనే ఉంటాయి. ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాడికి ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం వెలిగితే కణితికంటే ముందు సికిల్ సెల్ గుర్తుకు రావాలి. దానికీ ఊరి పేరే కావాలి.

ఆ పెద్దాయన ప్రొస్టేట్ రక్తపరీక్ష లెక్క, అంటే పీఎస్ఏ, 9. అంత తక్కువ పీఎస్ఏతో క్యాన్సర్ ప్రతి ఎముకకూ పాకడం చాలా అరుదు. ఆ లెక్క కూడా రిపోర్టుకి ఎవరూ అందించలేదు. మర్నాడు కొడుకుని వాళ్ళ యూరాలజిస్టు దగ్గరికి పంపాను, మర్రిగూడ అని, పళ్ళ సంగతి, మెడ సంగతి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ముంజేతుల ఎక్స్‌రే తీశారు. పొర పొడవునా సున్నం. ఎముకల్లో క్యాన్సర్ లేదని తేల్చడానికి ఆ తర్వాత ఇంకో పరీక్ష చేయించారు, అదీ న్యాయమే, ఫ్లోరోసిస్ ఉన్నవాడికి క్యాన్సర్ పాకకూడదని ఎక్కడా లేదు. పాకలేదని వచ్చింది. మొత్తానికి ఆ ఇంట్లో తొమ్మిది రాత్రులు ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే అదే ఫారం, అదే వాక్యం నగరంలో చాలాచోట్ల చూశాను.

ఇక "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" గురించి. నా ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట టైపు కాని రోజు లేదు. గోడ మీది పిల్లి లాంటి మాట అది. చదివిన సర్జన్‌కి ఏం చేయాలో తెలియదు, పేషెంటు కొడుకు రాత్రంతా గూగుల్ చేస్తాడు. దాని బదులు నాలుగు ముక్కలు రాయవచ్చు: ఇది ఫలానా కావచ్చు, ఇంతవరకు నమ్మకం, తేల్చడానికి ఫలానా ఎక్స్‌రే, ఇన్ని రోజుల్లో. డాక్టరు గారికి ఒక నిమిషం పని.

ఇంకో విషయం డాక్టర్లకన్నా మా టెక్నాలజిస్టులకి బాగా తెలుసు. మందు ఒంట్లో ఉన్నంతసేపు ఇంకో బొమ్మకి ఇంకో సూది అక్కర్లేదు. పక్కకి తిప్పి ఒకటి, మూత్రానికి పంపి వచ్చాక ఒకటి, చేతులు పైకెత్తించి ఒకటి తీస్తే సగం అనుమానాలు పోతాయి. మిగిలినవాటికి అదే బల్ల మీద స్పెక్ట్-సీటీ తీస్తే, వెలుగు ఎముకలో ఉందో కండలో ఉందో అక్కడే తెలుస్తుంది. కాస్త సీటీ రేడియేషన్ అదనం, అంతే. మర్నాటికి మందు పదహారో వంతుకి పడిపోతుంది. కానీ చాలాచోట్ల డాక్టరు బొమ్మలు చూసేది సాయంత్రం. అప్పటికి పేషెంటు హఫీజ్‌పేట్‌లో రైలెక్కి ఉంటాడు. బల్ల దిగకముందే ఒక డాక్టరు బొమ్మ చూడాలన్నది ఖర్చు లేని నియమం. మా కారిడార్ పిల్లలు బొమ్మలు చదివే ఏఐ సాఫ్ట్‌వేర్ గురించి గొప్పగా చెబుతారు. ఎముకల మీది మచ్చల్ని లెక్కగట్టే ప్రోగ్రాములు నిజంగానే ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. కానీ వాటికీ పెద్దాయన పళ్ళు కనిపించవు.

రేడియేషన్ భద్రత సంగతి ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి చూసుకుంటుంది, గట్టిగానే చూసుకుంటుంది, మా బ్యాడ్జిలే సాక్ష్యం. ఫారంలో ఏ గడులుండాలి, రిపోర్టు చివరి వాక్యం ఎలా ఉండాలి అన్నవి మాత్రం వాళ్ళు చూడరు. రాష్ట్రం చేతిలో నిమ్స్ ఉంది, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నిమ్స్ ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది కదా, పాతవాళ్ళు ఇప్పటికీ బొక్కల దవాఖాన అనే అంటారు. అక్కడ ఫారం మారితే ప్రైవేటువాళ్ళు చూసి రాసుకుంటారు. కొత్త యంత్రాలు అడగడం లేదు, బడ్జెట్‌లో పద్దు అడగడం లేదు.

నేను పెన్సిల్‌తో గీసిన నమూనా ఫారం ఒకటి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. గీతలు వంకరగా ఉంటే క్షమించండి. మొదటి గడిలో జబ్బు, పీఎస్ఏ లాంటి లెక్కలు. రెండో గడిలో ఈ నెలలో వేయించుకున్న సూదులు, ఆపరేషన్లు, సూది ఇచ్చిన చెయ్యి. మూడో గడి కొంచెం పెద్దది వదిలాను, పుట్టి పెరిగిన ఊరికీ, తాగిన నీళ్ళకీ.

ఇట్లు,
కొండాపూర్ వాసి,
రిటైరైన న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు